చుక్క ముట్టకుండా తూలిన రోజులు

నేను చుక్క ముట్టినవాణ్ణి కాదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను. ఎందుకంటే ఆ ఏడాది నన్ను చూసినవాళ్ళలో సగంమంది ఇప్పటికీ వేరేగా అనుకుంటున్నారు. మిగతా సగంమంది మర్యాదకి అనుకోవడం లేదంటారు. కొవ్వూరులో నాది పౌరోహిత్యం. పెళ్ళిళ్ళు, వ్రతాలు, గృహప్రవేశాలు, తద్దినాలు. నోరే నా పనిముట్టు. ఆ నోరు ముద్దకట్టి, కాళ్ళు తడబడి, పట్టపగలు గోడ పట్టుకుని నడిచిన రోజుల గురించి రాస్తున్నాను. తొంభైల చివరి మాట ఇది. ఇప్పుడు బాగానే ఉన్నాను. ఇలాంటిది ఇంకెవరింట్లోనైనా ఉంటే వాళ్ళు కాస్త ఓపిగ్గా చదవాలని నా కోరిక.

మొదటిసారి వచ్చింది వైశాఖంలో. పొద్దుటి ఎండ ఇంకా ముదరలేదు. గోదావరిలో మొలలోతు నీళ్ళలో నిలబడి అర్ఘ్యం ఇస్తున్నాను. దోసిలి ఎత్తేసరికి ఎదురుగా ఉన్న రైలు వంతెన పైకీ కిందకీ ఎగరడం మొదలుపెట్టింది. గూడ్సుబండి ఏదైనా వెళ్తోందేమో అనుకున్నాను. బండీ లేదు, ఏమీ లేదు. కళ్ళు మూసి తెరిచాను. ఈసారి వంతెనతో పాటు అవతల రాజమండ్రి గట్టు కూడా ఎగురుతోంది. కాళ్ళ కింద నేల ఉందో లేదో తెలియలేదు. మెట్ల మీద బట్టలు ఉతుకుతున్న ఆవిడెవరో జాగ్రత్తండీ పంతులుగారూ అంటూ నా ఉత్తరీయం పట్టుకుని పైకి లాగింది. నిజానికి ఆవిడే నా ప్రాణం నిలబెట్టింది. దండం పెట్టి ఏదో చెబుదామని నోరు తెరిస్తే మాట ముద్దముద్దగా వచ్చింది. ఆవిడ నన్నొక చూపు చూసి, ఉత్తరీయం వదిలేసి, ఒక మెట్టు పైకి జరిగింది.

ఆ చూపు నాకు తెలుసు. మా నాన్నగారిని ఊరంతా అలాగే చూసేది. ఆయన కూడా పురోహితుడే, కోనసీమలో. నా చిన్నప్పుడే ఆయన పీటల మీద తూలడం, మంత్రం మధ్యలో నాలుక మడతపడటం మొదలైంది. చాటుగా కల్లు తాగుతున్నారని ఊళ్ళో తేల్చేశారు. పిలుపులు ఆగిపోయాయి. మేం కొవ్వూరు వచ్చేశాం. ఇక్కడ ఆయన ఒక్క ఇంట్లోనూ మంత్రం చెప్పకుండా, వీధి అరుగు దాటకుండా పదేళ్ళు బతికి, పోయారు. ఆయన తాగేవారనే నేనూ నమ్మాను. అలాంటి తండ్రి కొడుకుని కాబట్టే నేను జన్మలో ముట్టనని పట్టుదలగా పెరిగాను. అందుకని ఆ ఉదయం మెట్ల మీద కూర్చుని వణికిపోయింది చావుభయంతో కాదు. నన్నూ అలాగే అంటారని.

ఎలాగో గోడలు పట్టుకుని ఇల్లు చేరాను. మా ఆవిడ కామేశ్వరి కంగారుపడి డాక్టరు కోసం మనిషిని పంపబోయింది. మా అమ్మ మాత్రం కంగారుపడలేదు. నన్ను చాప మీద పడుకోబెట్టి, కిటికీ తలుపులు మూసి, కళ్ళ మీద తడిగుడ్డ వేసి, మాట్లాడకు, నిద్రపట్టిందంటే పోతుంది అంది. మూడు గంటలకి పోయింది. లేచి మామూలుగా నడిచాను. పైత్యం అన్నాం అందరం. అల్లం రసం తాగాను. ఆలోచిస్తే అంతకుముందు కూడా, పాతికేళ్ళ వయసు నుంచీ, ఏడాదికి ఒకటి రెండుసార్లు తల దిమ్ముగా, అడుగు తేలిగ్గా అనిపించిన రోజులున్నాయి. వాటినీ పైత్యం ఖాతాలోనే వేసుకుంటూ వచ్చాను.

శ్రావణం వచ్చింది. మా వృత్తిలో ఉన్నవాళ్ళకి శ్రావణమాసం అంటే ఏమిటో చెప్పాలి. ఆషాఢం అంతా ఖాళీ. శ్రావణం రాగానే పెళ్ళిళ్ళు, వ్రతాలు, గృహప్రవేశాలు మీదపడతాయి. ఒక్కోరోజు మూడు ఊళ్ళు. కార్యక్రమం పూర్తయ్యేదాకా పచ్చి మంచినీళ్ళు తప్ప ముట్టకూడదంటాం. కానీ కాఫీకి మాత్రం మినహాయింపు. ఇది ఏ శాస్త్రంలో ఉందో నాకు తెలియదు, వెతికే సాహసమూ ఎవరం చెయ్యలేదు. గడప తొక్కగానే ఇంటావిడ, "ఎప్పుడనగా బయల్దేరారో, ఓ చుక్క కాఫీ పుచ్చుకోండి పంతులుగారూ, దోషం లేదు" అంటుంది. వద్దంటే చిన్నబుచ్చుకుంటుంది. అలా ఖాళీ కడుపుతో నాలుగిళ్ళలో నాలుగు గ్లాసులు, అవీ మనవైపు డికాక్షన్ చిక్కగా కలిపినవి. ఆ నెలలో నాకు వారానికోసారి వంతెన ఎగిరింది. ఎగిరిన ప్రతిసారీ ఆ ఇంటివాళ్ళు నన్ను కూర్చోబెట్టి, నీరసం అయ్యుంటుందని ఇంకో గ్లాసు కాఫీ ఇచ్చారు. ప్రేమగా ఇచ్చారు. నేను ప్రేమగా తాగాను.

పాలకొల్లులో పెళ్ళి. బాగా ఉన్నవాళ్ళు, పెద్ద పందిరి, పగటి ముహూర్తం. నాతోపాటు గణపతిశాస్త్రి వచ్చాడు. వేదం కలిసి చదువుకున్నవాళ్ళం, ఏ పెద్ద కార్యమైనా ఇద్దరం పంచుకుంటాం. జీలకర్రా బెల్లం పెట్టించే వేళకి వీడియోవాడి లైటు నా ముఖం మీద పడింది. తెర ఊగుతోంది, పెళ్ళికూతురి బుట్ట ఊగుతోంది. మంత్రం ఎత్తుకున్నాను. స్వరం ఎక్కాల్సినచోట ఎక్కలేదు, అక్షరాలు ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. లేచి నిలబడబోయి అక్షింతల పళ్ళెం మీదికి తూలాను. బియ్యం చెల్లాచెదరైపోయాయి. పెళ్ళికూతురి మేనమామ నా పక్కన గొంతుక్కూర్చుని, చెయ్యి పట్టుకుని లేపుతున్నట్టుగా ముఖం దగ్గరికి వచ్చి, ముక్కుతో గాలి పీల్చాడు. ఒకసారి కాదు, రెండుసార్లు.

గణపతిశాస్త్రి ఒక్క అక్షరం జారనివ్వకుండా నేను వదిలేసిన చోటినుంచి అందుకున్నాడు. తాళి కట్టించాడు. నన్ను ఎవరో పెరట్లోకి తీసుకెళ్ళి మంచం మీద వాల్చారు. అక్కడికీ ఒక కాఫీ వచ్చింది. సాయంత్రం బస్సులో తణుకు దాటాక అతను మెల్లిగా, "ఒంట్లో బాగాలేకపోతే ముందే చెప్పరా. నేను లేనూ?" అన్నాడు. అడగాల్సిన అసలు ప్రశ్న అడగలేదు. అందుకు ఈరోజుకీ అతనికి రుణపడి ఉన్నాను.

ఆ తర్వాత పిలుపులు తగ్గడం కాదు, తెగిపోయాయి. ఎవరూ ముఖం మీద ఏమీ అనలేదు. మా వైపు మర్యాదలే వేరు. ఈసారికి మా వియ్యాలవారి పురోహితుడు వస్తున్నారండీ అని ఒకరు, చిన్నగా చేసుకుంటున్నామండీ అని ఒకరు. రోడ్డు మీద ఎదురైతే అండీ గారూ ఏమీ తగ్గలేదు, మనుషులే అవతలి పక్కకి మారారు. మామూలుగా ఆశ్వయుజంలోనే కార్తీకమాసపు అభిషేకాలకి మాటలు అయిపోతాయి. ఆ ఏడు ఒక్క ఇల్లూ అడగలేదు.

రాజమండ్రిలో డాక్టరుకి చూపించుకున్నాను. ఆయన బీపీ చూసి, సుగరు చూసి, కలం పక్కనపెట్టి అలవాట్లేమైనా ఉన్నాయా అని అడిగాడు. తాంబూలం అన్నాను. నవ్వి ఊరుకున్నాడు. తలకి స్కానింగ్ రాశాడు, అందులో ఏమీ లేదు. ఏమీ లేదని రిపోర్టు వస్తే సంతోషించాలి కదా. నాకు మాత్రం దిగులు పట్టుకుంది. మెదడులో గడ్డ ఉంటే కనీసం నలుగురికీ చూపించొచ్చు. ఏమీ లేకపోతే ఇంక మిగిలింది జనం అనేదే. గడ్డ ఉండాలని దేవుణ్ణి కోరుకున్న రోజులు కూడా ఉన్నాయి. సిగ్గుపడుతూనే రాస్తున్నాను.

ఇంకో భయం ఎవరికీ చెప్పనిది. నాలుక పోయినట్టే చదువూ పోతుందేమోనని. రోజూ పొద్దున్నే తలుపేసుకుని ఘనం చెప్పుకునేవాణ్ణి. ఘనమంటే వేదంలో పదాలని ముందుకీ వెనక్కీ, జంటలుగా, ముప్పేటగా తిప్పి చెప్పడం. ఒక్క పదం తప్పితే మొత్తం తప్పుతుంది. తప్పకుండా వస్తే ఆ పూటకి నేను బతికున్నట్టు. ఎక్కడైనా తడుముకుంటే అయిపోయిందనుకుని చెమటలు పట్టేవి. ఇరవై ఏళ్ళుగా చెప్పింది, రాకపోవడమేమిటి అని ఇప్పుడు నవ్వొస్తుంది. అప్పుడు రాలేదు.

ఒక మధ్యాహ్నం మళ్ళీ వచ్చి, చాప మీద పడుకున్నాను. మా అమ్మాయి లలితకి అప్పటికి పన్నెండేళ్ళు. మంచినీళ్ళు తెచ్చి, గ్లాసు కింద పెట్టి, నాన్నగారూ అని పిలిచింది. నేను కళ్ళు తెరవలేదు. అది వంగి నా ముఖానికి దగ్గరగా వచ్చింది. ఊపిరి పీల్చిన చప్పుడు వినిపించింది. కాసేపు అలాగే ఉండి, వెళ్ళిపోయింది. వంటింట్లో కామేశ్వరి గొంతు తగ్గించి ఏదో అడిగింది. లలిత, "ఏమీ రావట్లేదమ్మా" అంది. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను. నా భార్య నన్ను అనుమానిస్తోందని కోపం రావాలి. రాలేదు. భయం ఒక్కటే వచ్చింది. నోరు కట్టేసి మూలన కూర్చోబెట్టే రోజు నా ఇంట్లోనే మొదలైందని.

కార్తీకంలో విశాఖపట్నం వెళ్ళాం, నేనూ కామేశ్వరీ. అక్కడ నరాల డాక్టరమ్మ ఒకావిడ ఉందని గణపతిశాస్త్రే కనుక్కుని, టిక్కెట్లు కూడా తనే తీశాడు. పొద్దున ఎనిమిదింటికి కూర్చుంటే మధ్యాహ్నం రెండయినా మా నంబరు రాలేదు. వరండా నిండా జనం. చెయ్యి వణికేవాళ్ళు, మూతి వంకరపోయినవాళ్ళు, చంటిపిల్లకి మూర్ఛ వచ్చి మూడు ఊళ్ళు తిరిగొచ్చిన తల్లి. ఇంతమందికి ఇన్ని రకాలుగా తలలు చెడతాయని నాకు అంతవరకూ తెలియదు. నా పక్కన అనకాపల్లి పెద్దాయన ఒకరు కూర్చున్నారు. నేను లేచి పడబోతే ఆయన తన చేతికర్ర నా చేతిలో పెట్టి, ఉంచుకోండి, నేను కూర్చునే ఉంటాగా అన్నారు. వాసన చూడలేదు. ఆ ఒక్కదానికి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

ఇంకో పెద్ద మిషనులో స్కానింగ్ తీశారు. వెండి మొలతాడుతో సహా అన్నీ తీసెయ్యమన్నారు. గొట్టంలాంటి దాంట్లోకి పంపి అరగంట డబడబా మోగించారు. ఆ చప్పుడులో ఘనం చెప్పుకుంటూ పడుకున్నాను. మర్నాడు డాక్టరమ్మ ఫిల్ములు చూసి, నన్ను ఆ గోడనుంచి ఈ గోడదాకా గీత మీద నడిపించి, తన వేలు కిందకీ పక్కకీ తిప్పి నా కళ్ళు చూసింది. చిన్న మనిషి, ముప్పై అయిదు దాటవు. తొందర లేకుండా అడిగింది. ఏం చేసిన రోజుల్లో వస్తోంది? ముందు రోజు నిద్ర ఉందా? ఏం తిన్నారు, ఏం తాగారు? తాగారు అనగానే ఉలిక్కిపడ్డాను. కాఫీ గురించి అడిగానండి అంది. లెక్క చెప్పాను. ఆవిడ కలం ఆగింది.

అప్పుడు చెప్పింది. తల వెనక చిన్నమెదడని ఉంటుందట. నడకా మాటా తూకం తప్పకుండా చూసేది అదే. అందులో కణాలకి గోడలుంటాయి, గోడల్లో కంటికి కనబడనంత తలుపులుంటాయి. ఒక కణం పక్కదానికి కబురు చెప్పాలంటే ఆ తలుపులు తెరుచుకుని కాల్షియం లోపలికి వెళ్ళాలి, సరిగ్గా కావలసినంతే, సరిగ్గా ఆ క్షణానికే. "మీ కాలవలకి తూములుంటాయి కదండీ. మీ తూముల్లో ఒక రకం పుట్టుకతోనే కాస్త సరిగ్గా బిగించలేదు. మామూలు రోజుల్లో ఫరవాలేదు. ఆకలి, అలసట, ఆందోళన, పైన కాఫీ, అన్నీ కలిసి వచ్చిన రోజున అవి మొరాయిస్తాయి" అంది. అయాన్ చానెల్స్ అని వాటికి పేరు చెప్పింది. నాకు అర్థమైంది కాల్షియం ఒక్కటే. తాంబూలంలో సున్నం ఎక్కువైందా అని అడిగాను. ఆవిడ నవ్వలేదు. సున్నం తప్పు లేదండీ, మీ రక్తంలో కాల్షియం సరిగ్గానే ఉంది, తప్పు తలుపులో ఉంది అంది. రక్తంలో ఆ లోపాన్ని పట్టే పరీక్ష పై దేశాల్లో ఉంది, ఇక్కడ లేదు, మాత్ర ఇస్తాను, పనిచేస్తే అదే పరీక్ష అంది.

రాస్తూ రాస్తూ, తల ఎత్తకుండానే అడిగింది. "ఇది వంశంలో వచ్చేదండీ. మీ ఇంట్లో ఇంకెవరైనా ఇలా తూలేవారా? నాన్నగారు, అమ్మగారు?"

"లేదండి," అన్నాను. "మా నాన్నగారు తాగేవారు."

ఆ మాట నా నోట్లోంచి వచ్చి బల్ల మీద పడింది. ఆవిడ తల ఎత్తింది. కామేశ్వరి నా చెయ్యి పట్టుకుంది. ఎవరూ ఏమీ వివరించనక్కరలేకపోయింది.

ఇంతవరకూ రాయనిది ఇప్పుడు రాయాలి. నాకు ఎనిమిదేళ్ళప్పుడు, కోనసీమ ఇంట్లో, నాన్నగారు ఎవరింట్లోనో పీటల మీద పడిపోతే మోసుకొచ్చి వసారాలో పడుకోబెట్టారు. ఊరి పెద్దలు నలుగురు వచ్చి నిలబడ్డారు. మా తాతగారు, నాన్నగారి తండ్రి, నన్ను పిలిచి, వెళ్ళి మీ నాన్న నోరు వాసన చూసి రారా అన్నారు. పెద్దవాళ్ళు వంగి చూడటం బాగుండదని కాబోలు. వెళ్ళాను. ఏదో వాసన వచ్చింది. తమలపాకో, ఏలక్కాయో, కాఫీయో. కల్లు వాసన ఎలా ఉంటుందో నాకేం తెలుసు? తిరిగొస్తే అయిదుగురూ నా నోటివంకే చూస్తున్నారు. ఏం చెబితే వాళ్ళకి సరిపోతుందో నాకు అర్థమైపోయింది. "వస్తోంది తాతయ్యా" అన్నాను. ఆ తర్వాత ఎవరూ నాన్నగారిని పిలవలేదు. నా కూతురు చెప్పినపాటి నిజం నేను చెప్పలేకపోయాను.

మా అమ్మాయికి రావచ్చునా అని కామేశ్వరి అడిగింది. రావడానికీ రాకపోవడానికీ సమానంగా అవకాశం ఉందని డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. నాకు తగ్గని భయం అదొక్కటే. లలిత మేడమెట్లు దిగుతుంటే ఇప్పటికీ నేను చేస్తున్న పని ఆపి అడుగుల చప్పుడు వింటాను. ఇప్పటివరకూ ఒక్క అడుగూ తప్పలేదు.

మాత్ర వేసుకున్న నాలుగో రోజునుంచి వంతెన కదల్లేదు. కాఫీ మానేశాను, అదే కష్టం. వేళ్ళ చివర్లు తిమ్మిరెక్కుతాయి, సోడా తాగితే చప్పగా ఉంటుంది, గంటకోసారి పెరట్లోకి లేవాలి. మూడు గంటల వ్రతంలో మూడుసార్లు లేచి, కాళ్ళు కడుక్కుని, ఆచమనం చేసి మళ్ళీ కూర్చునే పురోహితుణ్ణి ఎవరు పిలుస్తారు? గణపతిశాస్త్రి పిలిచాడు. మాఘంలో తను ఒప్పుకున్న పెళ్ళికి నన్ను తీసుకెళ్ళి, పందిట్లో అందరూ వినేలా, ఈయనకి చిన్నమెదడులో జబ్బు, మందు వాడుతున్నారు, కాఫీ ఇవ్వకండి అని చెప్పాడు. ఎవరు నమ్మారో ఎవరు నమ్మలేదో తెలియదు. నేను మాత్రం ఆ రోజు ఒక్క స్వరం తప్పలేదు.

అమ్మకి చెప్పడానికి నాకు చాలా నెలలు పట్టింది. విశాఖపట్నం నుంచి రాగానే, నరాల బలహీనత అని ఏదో చెప్పి దాటేశాను. మళ్ళీ వైశాఖం వచ్చాక ఒక పొద్దున వంటింటి గుమ్మంలో కూర్చుని మామిడికాయలు తుడుస్తోంది. పక్కన కూర్చున్నాను. నాన్నగారిది కూడా ఇదే జబ్బమ్మా, ఆయన తాగలేదు అన్నాను. అమ్మ చేతులు ఆగలేదు.

"నాకు తెలియదుట్రా? పక్కన పడుకున్నదాన్ని. కిటికీ మూసి, కళ్ళ మీద గుడ్డ వేస్తే తగ్గేది. తాగినవాడికి అలా తగ్గుతుందా?" అంది. తనెంత చెప్పినా ఎవరూ వినలేదని, ఆడదాని మాట, మొగుణ్ణి వెనకేసుకొస్తోందన్నారని చెప్పింది. ఇంకో రెండు కాయలు తుడిచి, "ఈ మాత్ర అప్పుడు ఉండేదా?" అని అడిగింది.

ఉండేది. మందుల షాపులో మొదటిసారి చీటీ చూపించినప్పుడు ఆయన, ఇది కంట్లో ఒత్తిడికి ఇచ్చే మాత్రండీ, చాలా పాతది, మా నాన్నగారి హయాం నుంచీ అమ్ముతున్నాం అన్నాడు. రాజోలులోనో అమలాపురంలోనో ఏదో ఒక షాపు బీరువాలో అది ఉండే ఉంటుంది. నాన్నగారికి అది పనికొస్తుందని ఎవరికీ తెలియదు. వెతకడానికి ఎవరికీ అవసరం కలగలేదు. జబ్బేమిటో ఆ వసారాలో తేలిపోయింది కాబట్టి.

"లేదమ్మా. ఈమధ్యే కనిపెట్టారట," అన్నాను.

అమ్మ నా ముఖంలోకి చూసింది. తుడిచిన కాయ బుట్టలో వేసి, "అయితే నువ్వు ఆ రోజు వాసన రావట్లేదని చెప్పినా ఆయనకి తగ్గేది కాదు. ఇంక ఆ బాధ పెట్టుకోకు," అంది.

నేను ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు ఆ మాట. తాతగారితో నేను అంటున్నప్పుడు అమ్మ తలుపు వెనకే ఉందని ముప్పై ఏళ్ళ తర్వాత తెలిసింది.